ముల్లు నుండి అంకెకు: మోటారు సైకిలు వేగమాపకపు కథ

1896వ సంవత్సరము జనవరి 28వ తేదీన ఇంగ్లండులోని కెంట్ మండలమున పాడక్ వుడ్ అను ఊరి వీథిలో వాల్టర్ ఆర్నాల్డ్ అను నతడు మోటారు బండి నడుపుకొనుచు పోవుచుండెను. ఆ కాలపు చట్టము ప్రకారము ఊళ్లలో అట్టి బండి గంటకు 2 మైళ్లకు మించి పోరాదు. ఆర్నాల్డు గంటకు సుమారు 8 మైళ్ల వేగముతో పోవుచున్నాడని ఒక పోలీసు తలచి, సైకిలెక్కి సుమారు 5 మైళ్ల దూరము తరిమి అతనిని పట్టుకొనెను. న్యాయస్థానము అతివేగమునకు ఒక షిల్లింగు జరిమానా విధించెను. మోటారు బండిని అతివేగముగ నడిపినందుకు శిక్ష పొందిన మొదటివాడు ఇతడే యని చెప్పుదురు.

ఇందు ఆలోచింపదగిన విషయ మొకటి కలదు. ఆ నాటి బండ్లకు వేగమాపకములు ఉండెడివి కావు. తాను ఎంత వేగముతో పోవుచున్నాడో ఆర్నాల్డునకు చెప్పగల సాధనము లేదు. అంత వేగముగా పోలేదని వాదింపదలచినను చూపుటకు ఋజువు లేదు. చట్టము వేగమునకు హద్దు పెట్టినది గాని, ఆ హద్దును బండి నడుపువాని కంటికి చూపు సాధనము ఇంకను వాడుకలోనికి రాలేదు.

నేడు ఆ కొరత లేదు. మన వీథులలో తిరుగు మోటారు సైకిళ్ల కన్నింటికిని మీటరు కలదు. అంతేకాదు, ముల్లు గల పాత మీటరును ఊడదీయించి, దాని స్థానమున అంకెలు చూపు డిజిటల్ మీటరును బిగించుకొనుట యువకులకు వేడుకయైనది. "ముల్లు ఊగుచుండును, అంకె ఖచ్చితముగా చెప్పును" అని వారి నమ్మకము. ఈ నమ్మకము ఎంతవరకు సరియైనది? అంకె కనబడినంత మాత్రమున అది సత్యమగునా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్నచో, వేగమును కొలుచుటకు మానవుడు త్రొక్కిన దారులను ఒకమారు వెనుకకు తిరిగి చూడవలెను.

రెండు దారులు

వేగమనగా నేమో విద్యార్థులకు తెలియును. ప్రయాణించిన దూరమును, అందుకు పట్టిన కాలముచే భాగించినచో వచ్చునదే వేగము. ఈ నిర్వచనమును అనుసరించి కొలువవలెనన్నచో మూడు పనులు చేయవలెను: దూరమును కొలువవలెను, కాలమును కొలువవలెను, పిమ్మట భాగహారము చేయవలెను. బండి నడుపువానికి ఇంత తీరిక యుండదు. కనుక ఈ పనులన్నియు యంత్రమే చేయవలెను. దీనిని 'లెక్కించు దారి' యందము.

రెండవ దారి వేరు. తిరునాళ్లలో రంగులరాట్నము ఎక్కిన పిల్లవానికి అది సులభముగా తెలియును. రాట్నము వేగము పెరిగినకొలది తనను బయటికి త్రోయుచున్నట్లు అతనికి తోచును. ఇట్లు వేగముతో కూడ పెరుగు బలము నొకదానిని పట్టుకొని, దానిని ఒక స్ప్రింగుతో తూచినయెడల, దూరముతోను గడియారముతోను పనిలేకయే వేగము తెలియును. దీనిని 'తూచు దారి' యందము.

వేగమాపకముల చరిత్ర అంతయు ఈ రెండు దారుల చరిత్రయే. డిజిటల్ మీటరు దేనికి చెందినదో ముందు ముందు చూతము.

రోమను బండిలో గులకరాళ్లు

లెక్కించు దారి చాల పాతది. క్రీస్తు పూర్వము మొదటి శతాబ్దమునకు చెందిన రోమను శిల్పి విట్రూవియస్, వాస్తువును గూర్చి తాను వ్రాసిన గ్రంథపు పదవ భాగమున ఒక బండిని వర్ణించెను. ఆ బండి చక్రము ఒక చుట్టు తిరిగిన 12½ అడుగుల దూరము గడచును. చక్రముతో కలిసి తిరుగు భాగమునకు ఒక పన్ను కలదు. అది చక్రము తిరిగినప్పుడెల్ల, 400 పండ్లు గల మరియొక చక్రమును ఒక్క పన్ను మాత్రము ముందుకు జరుపును. 400 చుట్లు పూర్తియైనప్పుడు బండి 5,000 అడుగులు, అనగా ఒక రోమను మైలు, నడచినదన్నమాట. అప్పుడు ఒక గులకరాయి కంచు పాత్రలో ఖంగుమని పడును. సాయంకాలము రాళ్లను లెక్కించినచో ఆ దినమున నడచిన మైళ్లు తెలియును.

ఇందు రెండు సంగతులు గమనింపవలెను. మొదటిది, ఈ బండిలో గడియారము లేదు. కనుక అది దూరమును చెప్పును గాని వేగమును చెప్పలేదు. రెండవది, 12½ అను సంఖ్యను బండి తనంతట తాను కనుగొనలేదు. దానిని ముందుగా కొలిచి యంత్రములో ఇమిడ్చినవాడు శిల్పి. చక్రము అరిగి దాని చుట్టుకొలత తగ్గినను, రాళ్లు మునుపటివలెనే 400 చుట్లకు ఒకటి చొప్పున పడుచుండును. రాళ్ల లెక్క తప్పదు, మైళ్ల లెక్క తప్పును. ఈ రెండవ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. రెండువేల యేండ్ల తరువాత అది మరల మనకు ఎదురగును.

బలమును తూచిన యంత్రములు

ఆవిరి యంత్రములు వచ్చిన పిమ్మట తూచు దారికి ప్రాముఖ్యము కలిగెను. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రమునకు రెండు ఇనుప గుండ్లు గల గవర్నరును అమర్చెను. యంత్రము వేగము హెచ్చిన గుండ్లు బయటికి విచ్చుకొని పైకి లేచును, ఆవిరి తగ్గును. ఇది వేగమును అదుపు చేయు సాధనము. ఇదే సూత్రముతో వేగమును కొలుచు సాధనములును వచ్చెను. కాగితపు యంత్రములను నిర్మించిన బ్రయాన్ డాంకిన్ అను ఇంగ్లీషు ఇంజనీరు 1810లో ఒక సాధనమును చేసి లండనులోని కళాసంఘమువారి బంగారు పతకమును పొందెను. అందు ఒక గిన్నెలో పాదరసము ఉండును. గిన్నె తిరిగినకొలది పాదరసము అంచులకు ఎగబ్రాకి మధ్యభాగము లోతగును. ఆ లోతునుబట్టి ఒక గాజు గొట్టములోని రంగు ద్రవము క్రిందికి దిగును. దానిని చూచి వేగమును తెలిసికొనవచ్చును. 1817లో డీడ్రిక్ ఉల్‌హార్న్ అను జర్మను శిల్పి మరియొక టాకోమీటరును నిర్మించెను.

'టాకోస్' అనగా గ్రీకు భాషలో వేగము. ఇరుసు నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగుచున్నదో చెప్పునది టాకోమీటరు. స్పీడోమీటరు దీనికి సోదరియే. ఒకటి ఇంజను ఇరుసు చుట్లను చెప్పును. మరియొకటి బండి చక్రపు చుట్లను గ్రహించి, వానిని గంటకు ఇన్ని కిలోమీటర్లని మార్చి చెప్పును.

మోటారు బండికి అనువైన బలము మాత్రము వేరొకచోట దొరికెను. 1824లో పారిస్ నగరమున ఆరగో అను శాస్త్రజ్ఞుడు ఒక వింత చూచెను. అయస్కాంతపు సూది క్రింద ఒక రాగి బిళ్లను తిప్పగా, సూదియు దానివెంట తిరిగెను. రాగిని అయస్కాంతము ఆకర్షింపదు గదా! మరి సూది ఏల తిరిగినది? ఏడేండ్ల వరకు ఎవరును దీనికి సరియైన కారణము చెప్పలేకపోయిరి. 1831లో మైకేల్ ఫారడే విద్యుత్ ప్రేరణను కనుగొనగా చిక్కు విడిపోయెను. అయస్కాంతము దగ్గర లోహము కదలినచో ఆ లోహములో విద్యుత్ ప్రవాహములు నీటి సుడులవలె పుట్టును. ఆ సుడి ప్రవాహములు తమ పుట్టుకకు కారణమైన కదలికనే ఎదిరించును. ఫలితముగా లోహము, అయస్కాంతము ఒకదానినొకటి తమవెంట లాగుకొనును. కదలిక వేగము హెచ్చినకొలది ఈ లాగుడు హెచ్చును.

దీనిని వేగమాపకముగా మార్చినవాడు స్ట్రాస్‌బర్గ్ ఇంజనీరు ఆటో షుల్జె. 1902లో అతడు బెర్లినులో పేటెంటు పొందెను. ఆ ఏర్పాటు మోటారు సైకిలుపై ఇట్లుండును. ముందు చక్రపు ఇరుసు దగ్గర చిన్న పళ్ల చక్రములు, అచ్చటినుండి పైకి ఒక కేబులు. కేబులు గొట్టములోపల ఉక్కు తీగ తిరుగుచుండును. మీటరులో ఆ తీగ చివర ఒక అయస్కాంతము కలదు. దానిని తాకకుండ, దానిపై బోర్లించినట్లు పలుచని అల్యూమినియము గిన్నె కలదు. అయస్కాంతము తిరిగినప్పుడు గిన్నెయు దానివెంట తిరుగజూచును. కాని గిన్నె ఇరుసుకు కట్టిన సన్నని చుట్ట స్ప్రింగు దానిని వెనుకకు లాగును. రెండు లాగుడులు సరితూగినచోట గిన్నె నిలుచును. గిన్నెతో కలిసి ముల్లు నిలుచును. వేగము రెట్టింపైన ముల్లు రెట్టింపు కోణము తిరుగును.

ఇంత చౌకగా, ఇంత సులభముగా పనిచేయు సాధనము కనుకనే ఇది ఇంచుమించు ఒక శతాబ్దము బండ్లపై ఏలినది. మన రోడ్లకు చిరపరిచితమైన బుల్లెట్టు మోటారు సైకిలు 1955 నుండి మద్రాసులో తయారైనది. హెడ్‌లైటు పైభాగమున ఇమిడియున్న దాని ముల్లు మీటరును, ప్రక్కనున్న ఆమ్మీటరును ఎరుగని వారు అరుదు.

ఐనను తూచు దారికి లోపములు కలవు. తక్కెడ చెడిన తూకము చెడును. కాలము గడచిన అయస్కాంతము బలహీనమైనచో మీటరు తక్కువ వేగము చూపును. స్ప్రింగు సడలినచో ఎక్కువ చూపును. కేబులుకు గ్రీజు లేక అది పట్టిపట్టి తిరిగినచో ముల్లు ఊగులాడును. కేబులు తెగినచో, బండి పరుగెత్తుచున్నను ముల్లు సున్నపై పడుకొనును. ముల్లు ఊగును అని యువకులు చేయు ఫిర్యాదు అబద్ధము కాదు. కాని తప్పు చాలవరకు ముల్లుది కాదు, దానిని త్రిప్పు కేబులుది.

గడియారము మ్రింగిన మీటరు

లెక్కించు దారి ఇంతలో అంతరింపలేదు. అది గడియారములు చేయువారి చేతిలో బ్రదికెను. 1851లో లండనులో శామ్యూల్ స్మిత్ స్థాపించిన గడియారముల దుకాణము పెరిగి పెరిగి స్మిత్స్ కంపెనీ యైనది. ఆ కంపెనీ చేసిన 'క్రోనోమెట్రిక్' అను మీటరు 1930ల నుండి 1960ల నడిమి వరకు ట్రయంఫ్, నార్టన్, బి.ఎస్.ఎ. మొదలగు బ్రిటిషు మోటారు సైకిళ్లపై ప్రసిద్ధి కెక్కెను.

దీని లోపల నిజముగా ఒక చిన్న గడియారపు యంత్రము కలదు. ఒక సెకనుకంటె తక్కువైన నియమిత కాలము పాటు, కేబులు తిప్పు పళ్ల చక్రము మరియొక చక్రమును ముందుకు నెట్టుచుండును. నియమిత కాలము ముగియగనే గడియారము ఆ రెండింటిని విడదీయును. అంతవరకు ఆ చక్రము ఎంత దూరము జరిగినదో అంతకు ముల్లు తెచ్చి నిలుపబడును. పిమ్మట చక్రము సున్నకు మరలిపోయి క్రొత్త లెక్క మొదలిడును. కనుక దాని ముల్లు జారునట్లు కదలదు. మెట్లు ఎక్కినట్లు టక్కు టక్కున ఎక్కును, దిగును. రెండు లెక్కల నడుమ కదలకుండ నిలుచును. మోటారు సైకిలు అదరుపాటునకు అది ఊగదు.

ఈ మీటర్లలో కొన్నింటి ముఖముపై 1600 అను చిన్న అంకె కనబడును. మైలుకు కేబులు 1,600 చుట్లు తిరుగవలెనని దాని అర్థము. గంటకు 60 మైళ్లన నిమిషమునకు ఒక మైలు. అనగా ఆ వేగమున కేబులు నిమిషమునకు 1,600 చుట్లు తిరుగును. వేరు కొలత గల చక్రము వేసినయెడల, లేదా పళ్ల చక్రములు మార్చినయెడల ఈ లెక్క చెడును. రోమను బండిలోని 12½ అడుగుల సంఖ్యకు ఇది మనుమరాలు వంటిది.

ఎన్నో సన్నని భాగములు గల ఈ మీటరును చేయుటకు ఖర్చెక్కువ. 1960ల నడుమ బ్రిటిషు బండ్లపైకూడ అయస్కాంతపు మీటరే దాని స్థానము నాక్రమించెను. కాని లోకము మరచిన ఒక నిజమును ఆ మీటరు నిలిపియుంచినది: వేగమును తూచనక్కరలేదు, చుట్లను గడియారముతో లెక్కించిన చాలును. దాని ముఖమున ముల్లున్నను, కడుపులో జరుగు పని లెక్కయే. నేటి డిజిటల్ మీటరునకు నిజమైన పూర్వీకుడు షుల్జె మీటరు కాదు, ఇదియే.

విద్యుత్తు చేపట్టిన లెక్క

పళ్ల చక్రములు లేక లెక్కింపవలెనన్నచో నాలుగు వస్తువులు కావలెను: చుట్టును గ్రహించునది, కాలమును చెప్పునది, భాగహారము చేయునది, ఫలితమును చూపునది. ఇవి వేరువేరు కాలములలో, వేరువేరు పనులకై పుట్టినవి.

1879లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున ఎడ్విన్ హాల్ అను విద్యార్థి, విద్యుత్తు ప్రవహించు పలుచని బంగారు రేకును అయస్కాంత క్షేత్రములో నుంచగా, రేకు రెండు అంచుల నడుమ స్వల్పమైన వోల్టేజి పుట్టుట కనుగొనెను. నేడు 'హాల్ సెన్సరు' అనునది ఈ సూత్రముతోనే పనిచేయును. అయస్కాంతము దాని ముందునుండి పోయినప్పుడెల్ల ఒక విద్యుత్ సంకేతము ఇచ్చును. 1936లో బెల్ ప్రయోగశాలలో వాల్టర్ ఎల్‌వుడ్ చేసిన రీడ్ స్విచ్చి మరియొక సాధనము. గాజు గొట్టములో రెండు ఇనుప రేకులు. అయస్కాంతము దగ్గరకు వచ్చిన అవి ఒకదానినొకటి తాకును, దూరమైన విడిపోవును. అదే ప్రయోగశాలలో 1927లో మారిసన్, హార్టన్ అనువారు క్వార్ట్జ్ స్ఫటికముతో గడియారమును నిర్మించిరి. భాగహారము చేయు మైక్రోప్రాసెసరు 1971లో అంగడికి వచ్చెను. అంకెలు చూపు పలకలు ఆ దశాబ్దముననే చౌకయైనవి. 1976లో ప్రదర్శింపబడిన ఆస్టన్ మార్టిన్ లగోండా కారు అంకెల పలకతో అందరిని ఆశ్చర్యపరచెను. మన దేశమున 2000వ దశకపు రెండవ భాగమున బజాజ్ పల్సర్ వంటి మోటారు సైకిళ్లతో అంకెల వేగమాపకము సామాన్యులకు అందినది.

పాత బండికి క్రొత్త మీటరు

ఇప్పుడు ఒక పాత బండికి డిజిటల్ మీటరు బిగించితి మనుకొందము. ముందు చక్రముపై ఒక చిన్న అయస్కాంతము అంటింతుము. ఫోర్కుకు దానికెదురుగా సెన్సరు కట్టుదుము. కేబులుతో పనిలేదు, సన్నని తీగ చాలును. చక్రపు చుట్టుకొలత 2 మీటర్లు అనుకొందము. 19 అంగుళముల చక్రమునకు ఇది ఇంచుమించు సరిపోవును.

మీటరు ప్రతి సెకనుకు వచ్చిన సంకేతములను లెక్కించినచో చాలదా? చాలదు. ఒక సంకేతమనగా 2 మీటర్లు. సెకనుకు 2 మీటర్లన గంటకు 7.2 కిలోమీటర్లు. బండి గంటకు 40 కి.మీ. వేగముతో పోవునప్పుడు సెకనుకు ఐదున్నర చుట్లకు పైగా తిరుగును. మీటరునకు ఒక సెకనులో 5 సంకేతములు వచ్చును, మరియొక సెకనులో 6 వచ్చును. అది ఒకమారు 36 అనియు, మరుక్షణమున 43 అనియు చూపును. ముల్లు ఊగుచున్నదని పారవేసితిమి. ఇప్పుడు అంకె ఊగసాగినది!

దీనికి తరణోపాయము లెక్కను తిరుగవేయుట. సెకనుకు ఎన్ని చుట్లని అడుగక, ఒక చుట్టునకు ఎంత కాలమని అడుగవలెను. గంటకు 36 కి.మీ. అన సెకనుకు 10 మీటర్లు; ఒక చుట్టునకు 0.2 సెకను. మీటరులోని గడియారము సెకనుకు 10,00,000 మారులు కొట్టుకొనునది యైనచో, ఒక చుట్టుకాలమున 2,00,000 దెబ్బలు వచ్చును. వేగము 37 కి.మీ. అయినచో దెబ్బలు సుమారు 1,94,600 మాత్రమే వచ్చును. ఒక్క కిలోమీటరు భేదమునకు 5,400 దెబ్బల తేడా! ఇంత తేడాను యంత్రము సులభముగా గుర్తించును.

ఐనను ఒక చిక్కు మిగులును. బండి గంటకు 3.6 కి.మీ. వేగమున మెల్లగా ప్రాకునప్పుడు ఒక చుట్టునకు 2 సెకనులు పట్టును. బండి పూర్తిగా ఆగినచో సంకేతము రానేరాదు. "సంకేతము ఆలస్యమైనదా, బండి ఆగినదా" అని మీటరు ఎట్లు తెలిసికొనును? తెలిసికొనలేదు. కొంతసేపు వేచియుండి, రాలేదు గనుక ఆగినదని నిశ్చయించి సున్న చూపును. బండి ఆగిన పిమ్మటకూడ కొన్ని మీటర్లు క్షణకాలము పాత అంకెను చూపుటకు ఇదియే కారణము. చక్రముపై అయస్కాంతముల సంఖ్య పెంచినచో ఈ ఆలస్యము తగ్గును.

టాకోమీటరు లెక్కయు ఇట్టిదే. అది చక్రమునకు బదులు స్పార్కులను లెక్కించును. స్పార్కు ప్లగ్గునకు పోవు తీగకు మరియొక సన్నని తీగను చుట్టిన చాలును, స్పార్కు వచ్చినప్పుడెల్ల దానిలో సంకేతము పుట్టును. కాని చుట్టునకు ఎన్ని స్పార్కులో మనము చెప్పవలెను. రాజ్‌దూత్ వంటి రెండు స్ట్రోకుల బండిలో ఇంజను ప్రతి చుట్టునకు ఒక స్పార్కు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో పనికి వచ్చు స్పార్కు రెండు చుట్లకు ఒకటి. కాని అట్టి ఇంజనులలోకూడ కొన్ని ప్రతి చుట్టునకు ఒక స్పార్కు ఇచ్చి, అందు ఒకదానిని వ్యర్థము చేయును. నిమిషమునకు 3,000 చుట్లు తిరుగు ఇంజనుకు మనము తప్పు సంఖ్య నిచ్చినచో, మీటరు ఏమాత్రము సంకోచింపక 6,000 అని గాని 1,500 అని గాని చూపును. మరియు స్పార్కు తీగ ప్రక్కనుండియే చక్రపు సెన్సరు తీగను తెచ్చినచో, స్పార్కులు దానిలోనికి చొరబడి లేని చుట్లను లెక్కింపజేయును. అందువలననే ఆ రెండు తీగలను దూరదూరముగా కట్టవలెను.

అంకె చెప్పని సంగతులు

క్వార్ట్జ్ గడియారము బహు ఖచ్చితమైనది. భాగహారమున తప్పు రాదు. మరి డిజిటల్ మీటరు తప్పుటకు అవకాశమెక్కడ? రోమను బండి తప్పినచోటనే. చుట్టుకొలత ఎంతో మీటరునకు తెలియదు. అది మనము ఇచ్చిన సంఖ్య.

నిజమైన చుట్టుకొలత 1.95 మీటర్లు కాగా మనము 2 మీటర్లని ఇచ్చినచో, బండి 60 కి.మీ. వేగముతో పోవునప్పుడు మీటరు 61.5 చూపును. ఇది ప్రమాదము లేని తప్పు. కాని లావు టైరు వేయించుకొని, చుట్టుకొలత 2.10 మీటర్లైనను పాత సంఖ్యనే ఉంచినచో, నిజవేగము 60 కాగా మీటరు 57 చూపును. నడుపువాడు హద్దులోనే యున్నాననుకొని హద్దు దాటును. టైరు వ్యాసార్ధము 5 మిల్లీమీటర్లు అరిగినచో చుట్టుకొలత సుమారు 31 మిల్లీమీటర్లు తగ్గును. గాలి తగ్గినను, ఎక్కినవారి బరువు హెచ్చినను తేడా వచ్చును. ఈ కారణములచేతనే ఐక్యరాజ్యసమితి యూరపు ఆర్థిక సంఘమువారి 39వ నిబంధన, మీటరు నిజవేగముకంటె తక్కువ ఎన్నడును చూపరాదనియు, ఎక్కువ చూపిన ఒక హద్దు లోపలనే యుండవలెననియు శాసించుచున్నది. మన దేశమున 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములు వేగమాపకమును తప్పనిసరి చేసినవి. కనుక మీటరు మార్చుట వేడుకయే గాని, దానిని సరిదిద్దుట బాధ్యత.

బాధ్యత మరియొకటియు కలదు. పాత మీటరులో బండి అంతవరకు నడచిన మొత్తము కిలోమీటర్లు ఉండును. క్రొత్త మీటరు సున్నతో మొదలిడును. పాత సంఖ్యను క్రొత్తదానిలో చేర్చుట గాని, బండి కాగితములతో వ్రాసి యుంచుట గాని చేయనిచో, రేపు ఆ బండిని కొనువాడు మోసపోవును. అంకె అబద్ధమాడలేదు, అది చెప్పని భాగము దాచబడినది.

ముల్లు పూర్తిగా ఓడిపోయిన దనుటయు సరికాదు. అంకెను చదువవలెను, ముల్లును ఓరకంట చూచిన చాలును. అంకె ఇప్పుడెంతయో చెప్పును. ముల్లు ఎటు పోవుచున్నదో, ఎంత తొందరగా పోవుచున్నదో కూడ చూపును. ఇంజను చుట్లు క్షణక్షణము మారును గనుక టాకోమీటరునకు ముల్లే అనువు. పైన చెప్పిన పల్సర్ బండ్లలో వేగమునకు అంకెలు, ఇంజను చుట్లకు ముల్లు ఉంచుటలోని యుక్తి ఇదే.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఈ విషయమును పుస్తకముతో కాక సైకిలుతో నేర్పవచ్చును. పాఠశాల మైదానమున సైకిలు ముందు టైరుపై, అది నేలను తాకుచోట, సుద్దతో గీత గీయుడు. నేలపైనను గీయుడు. ఒక విద్యార్థిని సీటుపై కూర్చుండబెట్టి, ఇద్దరు పట్టుకొని, చక్రము సరిగా పది చుట్లు తిరుగువరకు నెమ్మదిగా నడిపించుడు. దూరమును టేపుతో కొలిచి పదిచే భాగింపుడు. పిమ్మట ఎవరును ఎక్కక, ఖాళీ సైకిలుతో అట్లే చేయుడు. టైరులో గాలి కొంత తీసి మరల చేయుడు. మూడు ఫలితములును ఒకటి కావని విద్యార్థులు స్వయముగా చూతురు. తరువాత చక్రపు వ్యాసమును కొలిచి 3.14 తో గుణించి, ఆ ఫలితమును వీనితో పోల్చుడు. డిజిటల్ మీటరునకు ఏ సంఖ్య నీయవలెనో విద్యార్థులనే అడుగుడు.

మోటారు సైకిలుకు క్రొత్త మీటరు బిగించువారును చేయవలసిన పని ఇదే: టైరులో సరియైన గాలి నింపి, బండిపై మనిషి కూర్చుండగా కొలిచి, ఆ సంఖ్యను మీటరునకు ఇచ్చుట. అరగంట పని. ఈ అరగంట వెచ్చింపనిచో, ఎంత ధర పెట్టి కొన్న మీటరైనను పాత ముల్లుకంటె మేలు కాజాలదు.

1896లో ఆర్నాల్డునకు న్యాయస్థానమున చూపుటకు అంకె లేదు. నేడు మన కండ్లయెదుట అంకె వెలుగుచున్నది. ఆ అంకెలో గడియారము వంతు ఎంతో, టైరు వంతు ఎంతో, మనము ఇచ్చిన సంఖ్య వంతు ఎంతో తెలిసినవాడే దానిని నిజముగా చదువగలవాడు.